సుర్మా, ఆల్కహాల్, హకీం రాజీ

జుమా రోజున స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకొని, అత్తరు పూసుకొని, కళ్ళకు సుర్మా పెట్టుకొని మసీదుకు బయలుదేరే పెద్దలు నేటికీ మన వీధుల్లో కనిపిస్తారు. వారి ఇంట్లో గూటిలో సుర్మాదానీ, దాని పక్కనే అత్తరు సీసా ఉంటాయి. ఇందులో ఆల్కహాల్ లేదు అని ఆ సీసా మీద అచ్చువేసి ఉంటుంది. అది చదివాకే మనవాళ్ళు కొంటారు. అయితే ఆల్కహాల్ అనే ఆ మాట పుట్టింది పక్కనున్న సుర్మాదానీలోనే అంటే చాలామంది నమ్మరు.

ఈ సంగతి రాయడానికి ఒక కారణం ఉంది. మా దగ్గర చదువుకునే పదో తరగతి కుర్రాడు ఒకడు తల వంచుకొని వచ్చి ఒక ప్రశ్న అడిగాడు. మద్యంలో ఉండే పదార్థాన్ని కనిపెట్టింది మీ హకీం రాజీయేనట కదా అని తోటి పిల్లలు వాణ్ణి ఎగతాళి చేశారట. అది నిజమేనా అని వాడి సందేహం. ఆ తరువాత కొద్ది రోజులకే ఒక సభలో ఒక వక్త అదే విషయాన్ని గొప్పగా చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం మేము విన్నాము. ఒకరు సిగ్గుపడిన మాటకే మరొకరు గర్వపడ్డారు. ఇద్దరికీ చెప్పవలసిన జవాబు ఒక్కటే. అది ఆ హకీం జీవితంలోనే దొరుకుతుంది.

ఆయన పూర్తి పేరు అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా. ఊరు రయ్. నేటి ఇరాన్ రాజధాని తెహ్రాన్ దక్షిణ భాగంలో ఆ పాత నగరం కలిసిపోయింది. రయ్ నగరవాసిని అరబ్బీలో రాజీ అంటారు. దీనీ మదర్సాలో చదివినవారికి రాజీ అనగానే తఫ్సీర్ రాసిన ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ గుర్తుకు వస్తారు. ఆయనదీ రయ్ నగరమే గాని ఆయన మరణించింది క్రీ.శ. 1210లో. మన హకీం ఆయనకంటే దాదాపు మూడు వందల ఏళ్ళు ముందువాడు. ఇక తెలుగులో రాజీ అంటే ఒడంబడిక. అదీ అరబ్బీ మాటే గాని ఉర్దూలో దాని అక్షరం వేరు. తెలుగులో రెండింటినీ ఒకేలా రాయక తప్పదు కాబట్టి పాఠకులు తికమక పడవద్దని ముందే చెబుతున్నాము.

రాజీ గురించి మనకు నమ్మకమైన తేదీలు ఇచ్చినవారు అల్‌బీరూనీ. భారతదేశం గురించి గ్రంథం రాసిన మహా పండితుడు ఆయనే. రాజీ తరువాత సుమారు వందేళ్ళకు ఆయన రాజీ రచనల పట్టిక తయారు చేసి 184 పేర్లు నమోదు చేశారు. హిజ్రీ 251 షాబాన్ మొదటి తేదీన, అంటే క్రీ.శ. 865లో రాజీ జన్మించారని అందులో ఉంది. యవ్వనంలో ఊద్ అనే తంత్రీవాద్యం వాయించేవారని, నాణేల మార్పిడి వ్యాపారం చేసేవారని చరిత్రకారులు రాశారు. వైద్యంలోకి వచ్చింది ముప్ఫై ఏళ్ళు దాటిన తరువాతేనని కూడా కొందరు అంటారు. అంతకుముందు ఆయన మనసంతా కీమియా మీదే ఉండేది. కీమియా అంటే హీన లోహాలను బంగారం చేయాలనే విద్య. రాగి బంగారం అవుతుందని రాజీ నమ్మారు. ఈ సంగతి దాచిపెట్టి ఆయనను నేటి శాస్త్రవేత్తలా చూపించడం మాకు ఇష్టం లేదు. ఆ కాలంలో పెద్ద పెద్దవాళ్ళు నమ్మినదే ఆయనా నమ్మారు.

తేడా ఆయన పనితీరులో ఉంది. మిగతా కీమియా పండితులు తమ సంగతులను పొడుపు కథల్లాగా, ఎవరికీ అర్థం కాకుండా రాసేవారు. రాజీ తన కితాబుల్ అస్రార్‌లో కొలిమి, తిత్తులు, మూస, పట్టకారు, కల్వం ఒక్కొక్కటీ పేరుపెట్టి చెప్పి, ఏది ఎంతసేపు కాల్చాలో, ఎలా కరిగించాలో, ఎలా వడకట్టాలో వంట నేర్పినట్లు రాశారు. భూమిలో దొరికే ద్రవ్యాలను ఆరు జాతులుగా విడదీశారు. వేడికి ఎగిరిపోయేవి ఒక జాతి. పాదరసం, గంధకం, నవాసాగరం, హరిదళం వంటివి అందులో చేరతాయి. తరువాత లోహాలు, రాళ్ళు, తుత్తం జాతివి, టంకణం జాతివి, లవణాలు. రాళ్ళ జాతిలో పదమూడింటిని లెక్కపెట్టారు. అందులో ఒకటి కుహ్‌ల్. అంటే మన సుర్మా రాయి.

రాజీ పుస్తకంలో కుహ్‌ల్ అనే మాట ఉంది. అయితే అది సీసాలో ద్రవం కాదు, రాళ్ళ వరుసలో ఒక నల్లని రాయి. కుహ్‌ల్‌కు ముందు అరబ్బీ వ్యాకరణం ప్రకారం అల్ చేరిస్తే అల్‌కుహ్‌ల్. కంటికి కాటుక పెట్టడానికి అదే ధాతువు, కంటి వైద్యుడికి అరబ్బీలో కహ్హాల్ అనే పేరు. హదీసు గ్రంథాలలో దైవప్రవక్త (స) ఇస్మిద్ అనే సుర్మాను వాడమని, అది చూపును తేటపరుస్తుందని, రెప్పల వెంట్రుకలను పెంచుతుందని చెప్పినట్లు ఉంది. ఇస్మిద్ ఆంటిమొనీ అనే లోహం గంధకంతో కలిసిన ఖనిజమని పండితులు అంటారు.

మరి రాయి ద్రవంగా ఎలా మారింది? సుర్మా తయారీలో కష్టమంతా నూరడంలోనే ఉంది. వేలికి తగలనంత మెత్తగా నూరితేనే అది కంటిలో పెట్టడానికి పనికివస్తుంది. అరబ్బీ వైద్య గ్రంథాలు స్పెయిన్, సిసిలీల మీదుగా లాటిన్‌లోకి వెళ్ళినప్పుడు ఈ మాట కూడా వెళ్ళింది. అక్కడి వైద్యులు మొదట దానిని సుర్మాకే వాడారు. తరువాత ఏ వస్తువునైనా అతి మెత్తగా నూరిన పొడికి ఆల్కహాల్ అన్నారు. 16వ శతాబ్దపు ఇంగ్లీషు పుస్తకాలలో కూడా ఆ మాటకు అర్థం పొడి అనే. అతి మెత్తని పొడి అంటే ఆ వస్తువు సారం అనే ఊహ మెల్లగా కలిసింది. స్విట్జర్లాండ్ వైద్యుడు పారాసెల్సస్ (1493–1541) ద్రాక్ష మద్యాన్ని బట్టీ పట్టగా వచ్చిన సారానికి ద్రాక్ష మద్యపు ఆల్కహాల్ అని పేరు పెట్టాడు. కాలక్రమంలో ద్రాక్ష మద్యం అన్న భాగం రాలిపోయింది, ఆల్కహాల్ ఒక్కటే మిగిలింది. 19వ శతాబ్దంలో రసాయన శాస్త్రవేత్తలు అలాంటి సమ్మేళనాల కుటుంబం మొత్తానికి ఆ పేరే ఖాయం చేశారు. అత్తవారింట మారిపోయిన కూతురు పుట్టింటికి వస్తే గుర్తుపట్టనట్లు, ఇప్పుడు అరబ్బులు కూడా ఈ ద్రవాన్ని అల్‌కుహూల్ అంటున్నారు.

ఈ మాట అల్‌గౌల్ నుండి వచ్చిందని మనవాళ్ళలో కొందరు రాస్తుంటారు. దివ్య ఖుర్‌ఆన్‌లో అస్సాఫ్ఫాత్ సూరాలో స్వర్గ పానీయంలో గౌల్ ఉండదని వర్ణన ఉంది. గౌల్ అంటే మతిని చెడగొట్టే కీడు. అర్థం చక్కగా సరిపోతుంది గనుక ఆ వాదన వినడానికి బాగుంటుంది. కాని లాటిన్ పుస్తకాలలో ఈ మాట చాలాకాలం పొడికే వాడబడింది. మత్తుతో సంబంధం చివరి మెట్టులో మాత్రమే వచ్చింది. అందువల్ల పదాల చరిత్ర తెలిసినవారు కుహ్‌ల్ వైపే మొగ్గుతారు. మాకూ అదే సబబుగా తోస్తుంది.

ఇక రాజీయే దానిని కనిపెట్టారా అనే ప్రశ్న. ఖరా అనే కుండలో ద్రవాన్ని మరిగించి, పైన అంబీఖ్ అనే మూత పెట్టి, దాని ముక్కు గుండా కారే చుక్కలను వేరే పాత్రలో పట్టే పద్ధతి రాజీకి బాగా తెలుసు. యునానీ దవాఖానాలలో అర్ఖులు తీసే ఖరఅంబీఖ్ అదే. నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది, ఆల్కహాల్ సుమారు 78 డిగ్రీలకే ఆవిరవుతుంది. కాబట్టి ఆ పాత్రలో మద్యం పోసినవాడికి ముందుగా వచ్చేది ఆల్కహాలే. మద్యాన్ని మరిగిస్తే వచ్చే ఆవిరి మండుతుందన్న సంగతి జాబిర్ బిన్ హయ్యాన్ పేరు మీద ఉన్న రచనల్లో కనిపిస్తుంది. బట్టీ పట్టిన మద్యం ప్రస్తావన అల్‌కిందీ పేరు మీద ఉన్న గ్రంథంలోనూ ఉందంటారు. దానిని వేరుగా తీసి మందుగా వాడే పద్ధతి స్పష్టంగా కనిపించేది 12వ శతాబ్దంలో ఇటలీలోని సలెర్నో వైద్యుల వద్ద. రాజీయే కనిపెట్టారన్న మాట పుస్తకం నుండి పుస్తకానికి ఎక్కి వచ్చిందే గాని, శాస్త్ర చరిత్రకారులు దానికి ఆధారం చూపలేకపోయారు. ఆ కుర్రాడు సిగ్గుపడనక్కరలేదు. ఆ వక్తకు చప్పట్లూ రావలసింది కాదు.

రాజీ కీమియా వదిలి వైద్యానికి రావడం గురించి ఒక కథ ఉంది. కొలిమి పొగలకు కళ్ళు పాడై ఒక వైద్యుడి వద్దకు వెళితే అతడు చాలా పెద్ద మొత్తం అడిగాడట. అది చెల్లించిన రాజీకి అసలైన కీమియా ఇదే, నేను చేస్తున్నది కాదు అనిపించిందట. కథ ఎంతవరకు నిజమో గాని, ఆయన జీవితం ఆద్యంతం కళ్ళ చుట్టూ తిరగడం మాత్రం నిజం.

ఆయన మొదట రయ్ ఆసుపత్రికి, తరువాత బగ్దాదు ఆసుపత్రికి పెద్ద వైద్యుడయ్యారు. ఆయన కొలువు తీరే విధానాన్ని ఇబ్నె నదీమ్ వర్ణించారు. పెద్ద తల ఉన్న ఆ షేఖ్ మధ్యలో కూర్చుంటే శిష్యులు ఆయన ముందు, శిష్యుల శిష్యులు వారి ముందు వరుసలుగా కూర్చునేవారు. రోగి వస్తే మొదట బయటి వరుసవారు చూసేవారు. వారికి అంతుపట్టకపోతే తరువాతి వరుస. ఎవరికీ తెలియనిది మాత్రమే రాజీ వద్దకు చేరేది. పేద రోగులకు మందులే కాక జరుగుబాటుకు డబ్బు కూడా ఇచ్చేవారు. ఎప్పుడు చూసినా రాస్తూనో, రాసినదాన్ని తిరగరాస్తూనో ఉండేవారు.

బగ్దాదులో ఆసుపత్రికి స్థలం ఎంచడానికి ఊరి నలువైపులా మాంసం ముక్కలు వేలాడదీయించి, ఎక్కడ ఆలస్యంగా కుళ్ళితే అక్కడ కట్టించారన్న కథ అందరికీ తెలిసిందే. అయితే ఆ కథలో చెప్పే అజుదుద్దౌలా ఆసుపత్రి క్రీ.శ. 981 ప్రాంతంలో వెలసింది. అప్పటికి రాజీ మరణించి యాభై ఏళ్ళు దాటింది. ఈ పొంతన కుదరని సంగతిని పాత చరిత్రకారుడు ఇబ్నె అబీ ఉసైబియా ఏనాడో గుర్తించారు. అంతకుముందున్న మరో ఆసుపత్రి గురించైతే కావచ్చు.

కథలు అక్కరలేని గొప్పతనం ఆయన మశూచి గ్రంథంలో ఉంది. మన పల్లెల్లో అమ్మవారు అని భయపడిన మశూచినీ, తట్టునూ వేరు వేరు జబ్బులుగా విడదీసి ప్రత్యేకంగా రాసిన తొలి గ్రంథంగా అది పేరుపొందింది. జ్వరంతోపాటు వెన్నునొప్పి, ముక్కు దురద, నిద్రలో ఉలికిపాటు ఉంటే మశూచి అని, వెన్నునొప్పి తక్కువగా ఉండి వికారం, ఆందోళన ఎక్కువైతే తట్టు అని గుర్తులు చెప్పారు. మశూచి ప్రాణం తీయకుండా వదిలితే కళ్ళు తీసుకుపోయేది. అందుకే పొక్కులు కనపడగానే అన్నిటికంటే ముందు కళ్ళను కాపాడమని, చన్నీళ్ళతో ముఖం కడుగుతూ కళ్ళలో పన్నీరు చుక్కలు వేస్తుండమని రాశారు. ఈ గ్రంథానికి 1848లో గ్రీన్‌హిల్ ఇంగ్లీషు అనువాదం వచ్చింది. భారతదేశంలో మశూచి చివరి కేసు 1975లో నమోదైంది. 1980లో ప్రపంచమంతటా అది అంతరించినట్లు ప్రకటించారు.

వైద్యుడు అందుబాటులో లేనివారి కోసం అనే పేరుతో సామాన్యులకు ఒక పుస్తకం రాశారు. రయ్ పాలకుడు మన్సూర్ బిన్ ఇస్‌హాఖ్ పేరుతో కితాబుల్ మన్సూరీ రాశారు. వైద్యానికి తండ్రివంటి జాలీనూస్ మాటల్లోనే తనకు కలిగిన సందేహాలను ఒక గ్రంథంగా పేర్చారు. గురువును గౌరవించడం వేరు, కళ్ళారా చూసినదాన్ని కాదనడం వేరు అన్నది ఆయన పట్టుదల.

అత్తిబ్బుర్ రూహానీ అనే నైతిక గ్రంథంలో తాగుడు మీద ఆయన ఒక అధ్యాయమే రాశారు. ఎడతెగని తాగుడు మనిషి బుద్ధిని, ఒంటిని, పరువును ఎలా నాశనం చేస్తుందో అందులో వివరించారు. మద్యానికి ఆద్యుడని నిందపడిన మనిషి పుస్తకంలో ఈ అధ్యాయం ఉందని ఎంతమందికి తెలుసు? ఆ మాటతో పాటే ఇదీ చెప్పాలి. గ్రీకు వైద్యం చదివిన ఆనాటి హకీములందరిలాగే ఆయన కూడా మద్యాన్ని మందుల లెక్కలో చర్చించారు. పూర్తిగా వద్దనలేదు. ఆ విషయంలో మనకు ఆయన మాట ప్రమాణం కాదు.

ఇంకొక సంగతి కూడా దాటవేయలేము. ప్రవక్తృత్వం గురించి రాజీ తప్పు అభిప్రాయాలు వెలిబుచ్చారని ఆయన సమకాలికుడు అబూహాతిమ్ రాజీ ఖండన రాశారు. అల్‌బీరూనీ సైతం ఆయన వైద్యాన్ని మెచ్చుకొని, ధార్మిక విషయాల్లో ఆయనను తప్పుపట్టారు. ఆ అభిప్రాయాలలో చాలావరకు ప్రత్యర్థుల పుస్తకాల ద్వారానే మనకు చేరాయి. నిజంగా ఆయన ఏమన్నారో అల్లాహ్‌కే ఎరుక. అన్నారని రుజువైన చోట మేము ఆయనతో ఏకీభవించము. అయినా ఆయన మందులను, ఆయన పరిశీలనను మన హకీములు వెయ్యేళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. అకీదా వేరు, తబాబత్ వేరు అని వారికి తెలుసు.

ఇప్పుడు గూటిలోని ఆ రెండు వస్తువుల సంగతి. నేడు బజారులో సుర్మా పేరుతో దొరికే రాళ్ళలో చాలావాటిలో ఆంటిమొనీ బదులు సీసపు ఖనిజం ఉంటోందని పరీక్షల్లో తేలింది. సీసం పసిపిల్లల మెదడుకు విషం. పుట్టిన బిడ్డ కళ్ళకు సుర్మా దిద్దే అలవాటు మానుకోవడం మంచిది. మందుల షాపులో దొరికే ఆల్కహాల్ గాయాన్ని శుభ్రం చేస్తుంది, చేతుల మీది క్రిములను చంపుతుంది, మూలికల సారాన్ని తనలోకి లాగుతుంది. అందుకే టింక్చర్లలో, సెంట్లలో వాడతారు. పెట్రోలులోనూ కలుపుతున్నారు. 2020లో కరోనా కాలంలో మసీదు గుమ్మం దగ్గర శానిటైజర్ పెట్టవచ్చా అని మమ్మల్ని చాలామంది అడిగారు. ఒంటి పైన వాడకానికి చాలామంది ముఫ్తీలు అనుమతి ఇచ్చారు. లోనికి తీసుకునే మందుల గురించి వివరమైన చర్చ ఉంది, అది మీ ముఫ్తీగారినే అడగండి. అదే కుటుంబంలో మిథైల్ ఆల్కహాల్ అని ఒకటి ఉంది. కల్తీ సారాలో కలిసేది అదే. కొద్దిగా లోనికి పోయినా కంటి నరాన్ని చంపేస్తుంది. ప్రాణం దక్కినా చూపు దక్కకపోవచ్చు. కంటి మందు పేరుతో బయలుదేరిన మాట ఇంత దూరం వచ్చింది.

రాజీ చూపు కూడా చివరికి పోయింది. రాత్రిపూట గోడ గూటిలో దీపం పెట్టి, పుస్తకాన్ని ఆ గోడకు ఆనించి చదివేవారని, కునుకు పడితే పుస్తకం జారి మెలకువ రావాలని అలా చేసేవారని అల్‌బీరూనీ రాశారు. ఒక్క గ్రంథం కోసం పదిహేనేళ్ళు రాత్రింబగళ్ళు శ్రమించానని, దానితో చూపు మందగించి చేతి నరం దెబ్బతిన్నదని, చదవడానికి, రాయడానికి ఇతరుల మీద ఆధారపడుతున్నానని రాజీయే తన ఆత్మకథ వంటి చిన్న పుస్తకంలో చెప్పుకున్నారు. బాకలా కాయలు ఎక్కువగా తినడం వల్లనని ఇంకొందరు, పాలకుడు కోపంతో పుస్తకం పెట్టి తలమీద కొట్టించాడని మరికొందరు చెబుతారు. ఆయనే రాసిన కారణం ఉండగా ఇవన్నీ ఎందుకు?

కంటికి పొర కమ్మినప్పుడు ఒక వైద్యుడు శస్త్రం చేస్తానని వచ్చాడు. కంటిలో ఎన్ని పొరలున్నాయో చెప్పమని రాజీ అడిగారు. అతడు చెప్పలేకపోయాడు. అది తెలియనివాడి చేతి పనిముట్టు తన కంటిని తాకడానికి వీల్లేదని రాజీ తేల్చేశారు. చుట్టూ ఉన్నవారు బతిమాలితే, లోకాన్ని చూసింది చాలునని, ఇక విసుగు పుట్టిందని అన్నారట.

హిజ్రీ 313 షాబాన్ అయిదవ తేదీన, క్రీ.శ. 925 అక్టోబరులో రయ్‌లోనే ఆయన కన్నుమూశారు. చదివిన ప్రతి గ్రంథంలోని మాటనూ, చూసిన ప్రతి రోగి సంగతినీ రాసుకున్న కాగితాల కట్టలు ఆయన సోదరి వద్ద మిగిలిపోయాయి. తరువాత వజీరు ఇబ్నుల్ అమీద్ ఆమె వద్ద వాటిని సంపాదించి, రాజీ శిష్యులను పిలిపించి క్రమంలో పెట్టించాడు. అదే అల్‌హావీ. 1279లో సిసిలీకి చెందిన ఫరజ్ బిన్ సాలిం అనే యూదు వైద్యుడు దానిని లాటిన్‌లోకి తర్జుమా చేశాడు. 1486లో ఇటలీలో అచ్చయింది.

అరబ్బీ మూలం అచ్చయింది మాత్రం మన హైదరాబాదులో. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్న దాయిరతుల్ మఆరిఫ్ 1955లో మొదలుపెట్టి సుమారు పదిహేనేళ్ళలో 23 భాగాలుగా వెలువరించింది. ఆ భాగాలలో రెండవది పూర్తిగా కంటి జబ్బుల గురించే.